కొత్త ల్యాప్‌టాప్ బ్యాటరీ: 2వ పాఠం – వాట్ల లెక్క

పోయిన పాఠంలో చెప్పింది ఒక్కటే. ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన మొదటి నాలుగైదు రోజులు బ్యాటరీ గురించి ఏ నిర్ణయానికీ రావద్దని. ఆ రోజుల్లో విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, వెతుకులాట కోసం ఫైళ్లన్నిటికీ సూచిక తయారవుతుంటుంది, క్లౌడ్‌లో దాచుకున్న ఫొటోలు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతుంటాయి. కొత్త ఇంట్లో సామాన్లు సర్దుకునే రోజులన్నమాట. ఆ సర్దుళ్లు అయ్యాక కూడా ఛార్జి నిలవడం లేదంటే, ఈ పాఠం మీకే.

మా మేనల్లుడు కాకినాడలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న పది రోజులకు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు.

"మామయ్యా, దీని బ్యాటరీ పోయింది. పెట్టె మీద పది గంటలని రాశారు. మూడు గంటలు కూడా రావట్లేదు. తిరిగి ఇచ్చేస్తా."

"ఎన్ని వాట్లు తాగుతోందిరా?"

"వాట్లేంటి?"

సరిగ్గా ఇదే ఇవాళ్టి పాఠం.

యూనిట్‌లో ఇరవయ్యో వంతు

వాట్లంటే ఒక వస్తువు కరెంటు తాగే వేగం. ఆ వేగాన్ని గంటలతో గుణిస్తే వాట్ అవర్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్ కాలుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీకీ అదే కొలత. మామూలుగా 40 నుంచి 75 వాట్ అవర్ల మధ్య ఉంటుంది. ఎంత ఖరీదు పెట్టినా 100 దాటడం చాలా అరుదు, ఎందుకంటే విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా చేతిసంచిలో పెట్టుకోనిచ్చే హద్దు అదే. మావాడి బ్యాటరీ 52 వాట్ అవర్లు. అంటే యూనిట్‌లో సుమారు ఇరవయ్యో వంతు. అంత కొంచెం కరెంటుతో రోజంతా పని చేయించాలి.

లెక్క ఒకటో తరగతి భాగహారమే. బ్యాటరీలో ఉన్న వాట్ అవర్లను, ల్యాప్‌టాప్ తాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 52ను 5తో భాగిస్తే పది గంటలు పైచిలుకు. 10తో భాగిస్తే అయిదు. 17తో భాగిస్తే మూడు. కాబట్టి "మూడు గంటలే వస్తోంది" అంటే రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుండాలి: బ్యాటరీలో ఉండాల్సినంత పట్టకపోవడం, లేదా ల్యాప్‌టాప్ ఎక్కువ తాగేయడం. మొదటిది సర్వీస్ సెంటర్ వాళ్ల పని. రెండోది మన పని. ఏదో తేల్చుకోకుండా దుకాణానికి పరిగెడితే, వాళ్లు ఒకసారి ఆన్ చేసి "బాగానే ఉంది సార్" అని పంపించేస్తారు.

పెట్టె మీది పది గంటల సంగతి కూడా చూద్దాం. ఆ అంకె పక్కన చుక్క గుర్తు, అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. చాలా కంపెనీల పరీక్ష ఏమిటంటే, తెర వెలుగు 150 నిట్స్ (వెలుగును కొలిచే కొలత) దగ్గర పెట్టి, వైఫై ఆపేసి, ఒకే వీడియో ఆపకుండా ఆడించడం. పగలు కిటికీ పక్కన కూర్చుంటే ఆ వెలుగు మన కంటికి చాలదు. అబద్ధమని అనను కానీ, మనం వాడే తీరు అది కాదు.

రిపోర్ట్ తీయడం

విండోస్ తన దగ్గరే ఒక పద్దు రాసుకుంటూ ఉంటుంది. అడిగితే చూపిస్తుంది, అడగకపోతే చెప్పదు. ఫోన్‌లో మావాడికి ఎలా చెప్పానో అలాగే చెబుతాను.

స్టార్ట్ మీట నొక్కి సి, ఎం, డి అని మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ చేయండి. నల్లటి విండో వస్తుంది. అందులో పవర్ అనే మాట, దానికి ఆనుకుని సి, ఎఫ్, జి అక్షరాలు, అంతా ఒకే మాటగా. తర్వాత ఒక స్పేస్. తర్వాత స్లాష్, అంటే ప్రశ్నార్థకం ఉన్న మీటే, షిఫ్ట్ పట్టుకోకుండా. దానికి ఆనుకునే బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి. ఎంటర్. మావాడు మొదటిసారి ఆ రెండు మాటల మధ్య ఖాళీ వదిలాడు, అది ఇంగ్లిష్‌లో ఏదో విసుక్కుంది. రెండోసారి దారికొచ్చింది. ఫైల్ ఎక్కడ దాచిందో ఆ విండోలోనే కనిపిస్తుంది. అక్కడికెళ్లి తెరిస్తే బ్రౌజర్‌లో వస్తుంది. నల్ల విండోను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకండి. తెరిస్తే ఫైల్ వెళ్లి విండోస్ సొంత ఫోల్డర్లలో కూర్చుంటుంది, వెతుక్కోలేక చస్తాం.

అందులో ముందు చూడాల్సినవి మూడు. డిజైన్ కెపాసిటీ అంటే ఫ్యాక్టరీలో అనుకున్నది. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిజంగా పడుతున్నది. అంకెలు మిల్లీ వాట్ అవర్లలో ఉంటాయి, కాబట్టి చివరి మూడు అంకెలు తీసేసి చదువుకోండి. మావాడిది 52,000కి 51,400 చూపించింది. కొత్త బ్యాటరీలో ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉండడం మామూలే, కొన్నిట్లో డిజైన్ కంటే ఎక్కువే చూపిస్తుంది. మొదటి నెలలోనే 90 శాతం కంటే దిగువన ఉంటే మాత్రం నేనైతే ఆ రిపోర్ట్ ప్రింట్ తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తాను. చాలా ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ వారంటీ ఏడాదే ఉంటుంది, బిల్లు జాగ్రత్త.

మూడోది సైకిల్ కౌంట్. బ్యాటరీ నుంచి నూరు శాతం విలువైన ఛార్జి వాడితే ఒక సైకిల్. ఇవాళ సగం, రేపు సగం వాడినా ఒక్కటే లెక్క. పది రోజుల ల్యాప్‌టాప్‌లో పదిలోపు ఉండాలి. సీలు విప్పిన రోజే 60 కనిపిస్తే అది దుకాణంలో అందరూ ఆడుకున్న డెమో పీసు అయ్యుండొచ్చు, అడగండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఈ గడిలో గీత మాత్రమే చూపిస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

మావాడిది ఏడు. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. తిరిగి ఇచ్చే మాట అక్కడితో ఆగింది.

రెండు బల్బులు ఎక్కడ వెలుగుతున్నాయి?

అదే రిపోర్ట్‌లో కిందికి వస్తే రీసెంట్ యూసేజ్ పట్టిక ఉంటుంది. ఎప్పుడు ఛార్జర్ తీశారో, ఎప్పుడు మూత వేశారో, అప్పుడు ఎంత మిగిలి ఉందో వరసగా రాసి ఉంటుంది. ఒక వరసలో 10 గంటల 12 నిమిషాలకు 47,600. తర్వాతి వరసలో 11 గంటల 12 నిమిషాలకు 29,900. తీసివేస్తే 17,700. గంటలో 17.7 వాట్ అవర్లు పోయాయి, అంటే 17.7 వాట్లు. ఆ గంటలో వాడు చేసిందల్లా బ్రౌజర్‌లో నోట్స్ చదవడం. ఇంట్లో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు వెలిగించి కూర్చున్నంత.

ఇక్కడ చాలామంది "బ్యాటరీ పెంచే ఇరవై ఒక్క చిట్కాలు" చూసి అన్నీ ఒకేసారి చేసేస్తారు. నాకు నచ్చని పద్ధతి అది. ఏది పనిచేసిందో తెలియదు. పనిచేయని ఇరవైని కూడా జీవితాంతం మోస్తూ, మసక తెర ముందు కళ్లు చికిలించుకుంటూ కూర్చుంటాం. ఒక్కసారికి ఒక్కటే మార్చి, అరగంట ఆగి, కొలవండి.

కొలిచే పద్ధతి ఇది. ఛార్జర్ తీసి రిపోర్ట్ తీయండి. పట్టిక చివరి వరసలో ఆ క్షణాన ఎంత ఉందో ఉంటుంది, కాగితం మీద రాసుకోండి. అరగంట తర్వాత మళ్లీ తీయండి. కొత్త రిపోర్ట్ పాతదాని మీదే రాసేస్తుంది, అందుకే కాగితం. రెండిటి తేడాను రెండింతలు చేసి వెయ్యితో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. ఇంకో జాగ్రత్త: అయిదు నిమిషాలకు తెర ఆరిపోయే సెట్టింగ్‌ను ఈ కాసేపూ ఆపండి, లేదంటే లెక్క మొత్తం తప్పుతుంది.

మొదటి అరగంట: అన్నీ మూసేసి, వెలుగు సగానికి తగ్గించి, ముట్టుకోకుండా వదిలేయమన్నాను. 6,600 పోయింది. అంటే 13.2 వాట్లు. ఇది చూశాకే నాకు విషయం అర్థమైంది. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ నాలుగు నుంచి ఆరు వాట్లు తాగితే సరి. గేమ్స్ ఆడే రకమైతే ఇంకాస్త. 13 అంటే, మనకు కనిపించకుండా లోపల ఏదో మేలుకుని ఉంది. బ్రౌజర్‌ని తిట్టి లాభం లేదు.

రెండో అరగంట: తెర రిఫ్రెష్ రేట్. వాడి తెర సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుంది. గేమ్‌లో బాగుంటుంది, నోట్స్ చదవడానికి ఎందుకు? సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గర 60 చేశాడు. 5,900 పోయింది. 11.8 వాట్లు. కొంచెం తగ్గింది, ఇంకా దొంగ దొరకలేదు.

ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ రెండు మూడు శాతం దగ్గర బుద్ధిగా ఉంది. అప్పుడు గ్రాఫిక్స్ మీద అనుమానం వచ్చింది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌లు (జీపీయూలు) రెండుంటాయి. ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న చిన్నది ఒకటి, గేమ్‌ల కోసం విడిగా పెట్టిన పెద్దది ఒకటి. మామూలు పనికి చిన్నది చాలు, పెద్దది నిద్రపోవాలి. గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ పేరుతో తెచ్చిన ఏర్పాటు ఇదే. చిక్కేమిటంటే, ఏ చిన్న ప్రోగ్రామ్ తట్టినా పెద్దది లేచి కూర్చుంటుంది. లేచిందంటే ఏ పనీ చేయకపోయినా కొన్ని వాట్లు దానికే.

అది లేచి ఉందో లేదో చూడ్డానికి ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పై మెనూలో జీపీయూ యాక్టివిటీ ఐకాన్ చూపించమనే చోట టిక్ పెట్టండి. గడియారం పక్కన చిన్న బొమ్మ వస్తుంది. రంగులో ఉంటే మేలుకున్నట్టు. దాన్ని నొక్కితే ఎవరు లేపారో పేరు కూడా చెబుతుంది. మావాడి దాంట్లో రంగు వెలిగిపోతోంది. కింద ఒకటే పేరు.

"ఇదేంట్రా?"

"గేమ్ ఆడేటప్పుడు క్లిప్పులు రికార్డ్ చేస్తుంది మామయ్యా. రూమ్మేట్ వేసుకోమంటే మొదటి రోజే వేసుకున్నా."

"గేమ్ ఆడావా?"

"ఇంకా లేదు."

పది రోజులుగా రాని గేమ్ కోసం అది కాపలా కాస్తోంది. సెట్టింగ్స్‌లో యాప్స్, స్టార్టప్ దగ్గర దాన్ని ఆపేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మళ్లీ అరగంట కొలిచాడు. 2,900. అంటే 5.8 వాట్లు. మామూలుగా వాడుకుంటూ కొలిస్తే 8.6 వచ్చింది. 51.4ను 8.6తో భాగిస్తే ఆరు గంటలు. ముందు వచ్చినదానికి రెట్టింపు.

"పది గంటలు ఎప్పుడొస్తుంది మామయ్యా?"

"వైఫై ఆపి ఒకే వీడియో చూస్తూ కూర్చుంటే."

కంట్రోల్ ప్యానెల్‌లో ఎవరి పేరూ లేకుండానే బొమ్మ రంగులో ఉంటే, బయటి మానిటర్ తగిలించి ఉందేమో చూడండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ వైరు నేరుగా పెద్ద చిప్‌కే కలిసి ఉంటుంది. మానిటర్ ఉన్నంతసేపూ అది నిద్రపోదు. అది లోపం కాదు, కట్టుబడే అంత.

మీ ల్యాప్‌టాప్‌లో ఒకే గ్రాఫిక్స్ ఉంటే ఈ వేట చిన్నదే. సెట్టింగ్స్‌లో పవర్ అండ్ బ్యాటరీ దగ్గర ఏ యాప్ ఎంత శాతం వాడిందో వరసగా ఉంటుంది. పైనుంచి రెండు మూడు పేర్లు చూస్తే చాలు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికినవి రెండే: పూర్తి వెలుగులో పెట్టిన తెర, కొన్నప్పుడే వచ్చిన నెల రోజుల ఉచిత యాంటీవైరస్. విండోస్‌కి సొంత యాంటీవైరస్ ఎలాగూ ఉంది. గడువు అయ్యేదాకా ఆగకుండా ఆ ఉచితాన్ని తీసేయండి.

జబ్బు కాని జబ్బులు

ఛార్జి 80 దగ్గర ఆగిపోయి ముందుకు కదలకపోతే అది పాడవడం కాదు. బ్యాటరీ ఎక్కువ ఏళ్లు మన్నాలని కంపెనీ యాప్‌లో పెట్టిన హద్దు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు వచ్చేటప్పుడే ఆన్ చేసి ఉంటుంది. అయిదో వంతు తగ్గితే గంటలూ అయిదో వంతు తగ్గుతాయి మరి. ప్రయాణం ముందు రోజు తీసేసుకుని, తర్వాత మళ్లీ పెట్టుకోండి. మావాడి దాంట్లో ఇది లేదు.

"మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలి, లేకపోతే బ్యాటరీ పట్టదు" అని దుకాణంలో ఇప్పటికీ చెబుతున్నారు. అది నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీ నిండగానే ఛార్జింగ్ దానంతటదే ఆగిపోతుంది. మీరు మొదటి రోజు ఎనిమిది గంటలు పెట్టలేదని ఏదీ చెడలేదు.

ఇంటిపని

ఇవాళ రాత్రి పడుకునే ముందు ఛార్జర్ తీసి, రిపోర్ట్ తీసి, చివరి వరసలోని అంకె, టైము రాసుకోండి. మూత వేసి పడుకోండి. పొద్దున్నే మూత తెరవగానే, బ్రౌజర్ కూడా తెరవకముందే, మళ్లీ రిపోర్ట్ తీయండి. మావాడికి ఎనిమిది గంటల నిద్రలో 9,200 పోయింది. బ్యాటరీలో ఆరో వంతుకు పైనే. మూత వేసున్న ల్యాప్‌టాప్ రాత్రంతా ఏం చేసిందో 3వ పాఠంలో చూద్దాం. మీ అంకె పక్కన పెట్టుకుని రండి.