పాత పద్మినికి ఇంట్లోనే మరమ్మతు: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చెయ్యాలి

పాత ప్రీమియర్ పద్మిని కారు చేతికి రాగానే చాలామంది ముందు విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి వెళ్లి ఓ సంచీడు సామాన్లు కొనుక్కొస్తారు. కాయిల్, కండెన్సర్, కార్బురేటర్ కిట్, ఏసీ పంపు (ఇంజిన్‌కి పెట్రోలు లాగే పంపు), అన్నీ కొత్తవే. అవన్నీ బిగించాక కూడా బండి మాత్రం మొరాయిస్తూనే ఉంటుంది. అందుకే ఈ కారు విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: కారణం తేలేదాకా పార్టు మార్చకండి.

1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మన రోడ్ల మీదికి వచ్చి, 1970ల్లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న ఈ కారులో దాచిపెట్టిందేమీ లేదు. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ఒక కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించేవి), అంతే. స్కానర్ తగిలించి చూడాల్సిన పని లేదు. ఒక మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంపు, ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు), కాస్త ఓపిక ఉంటే ఇంటి దగ్గరే చాలావరకు తేల్చుకోవచ్చు.

ఏళ్ల తరబడి ఆగిపోయిన బండి, లేదా నీళ్లలో మునిగిన బండి

ఇలాంటి బండికి రాగానే సెల్ఫ్ కొట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటివి పైపైన కడిగించి అమ్మకానికి పెట్టినా డోర్ ట్రిమ్ విప్పితే లోపల రేకు మీద బురద గీత కనిపిస్తుంది. సీటు కింద పట్టాల్లో, హెడ్‌లైట్ గిన్నెల్లో ఒండ్రు ఉంటుంది.

డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టే. ఆ ఆయిల్ మొత్తం దింపెయ్యాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి ప్రతి సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. మర్నాడు ప్లగ్గులు పెట్టకుండానే, క్రాంక్ పులీ నట్టు మీద స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. తిరగకపోతే బలవంతం చెయ్యొద్దు. డీజిల్, ఆయిల్ కలిపి పోసి ఇంకొన్ని రోజులు నాననివ్వండి. రింగులు పట్టేసిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొడితే విరిగేవి రింగులే, ఇక దాని తర్వాత లేత్ షాపే గతి.

సెల్ఫ్ టక్కుమని ఆగిపోతోంది

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీలో చార్జి లేదు, లేదా కరెంటు వెళ్లే దారిలో ఎక్కడో పట్టు లేదు. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే సెల్ఫ్ దాకా కరెంటు చేరడం లేదు, సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్చి) చూడాలి.

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు మీటరు 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టు. బ్యాటరీ బాగుందని తేలితే ఎర్త్ వైరు చూడండి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొన ఇంజిన్ బ్లాక్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ ఎర్త్ పనికిరాదు. తుప్పు గీకి, మెరిసే రేకు కనపడ్డాక బోల్టు బిగించి, పైన గ్రీజు పూయండి. సెల్ఫ్ మోటారు చెడిందని విప్పుకెళ్లినవాటిలో చాలావాటికి అసలు రోగం ఈ వైరే.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

ముందు స్పార్క్, తర్వాత పెట్రోలు, ఈ వరస మార్చకండి. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. వైరుని రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకోండి, చుట్టుపక్కల పెట్రోలు తడి లేకుండా చూసుకోండి. నీలంగా, చిటపటలాడుతూ వస్తే మంచి స్పార్క్. పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే పాయింట్ల దగ్గరికి వెళ్లాలి.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను వేలితో విడదీసి చూడండి. ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ కనిపిస్తే కండెన్సర్ చెడింది. పాయింట్లు రుద్ది వదిలేస్తే మళ్లీ అదే అవుతుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఖాళీ సుమారు 0.45 మిల్లీమీటర్లు ఉండాలి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకి స్పార్క్ అందే వరస, 1-3-4-2. ప్లగ్గు వైర్లు విప్పేముందు వాటికి నంబర్లు రాసిన టేపు అతికించండి.

స్పార్క్ బాగుండి ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ప్లగ్గు తడిసి ముద్దయితే ఎక్కువ వస్తోంది, కార్బురేటర్‌లో పెట్రోలుని ఆపే నీడిల్ సరిగా మూసుకోవడం లేదు.

పొద్దున బానే ఉంటుంది, ఎండలో బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోతుంది

మన ఊళ్లో పద్మిని ఉన్నవాళ్లని ఎక్కువగా టెన్షన్ పెట్టేది ఇదే. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో, సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు నిలబడితే ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇలా ఆగడానికి మూడు కారణాలున్నాయి. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆగిన ఆ నిమిషంలోనే పరీక్ష చెయ్యాలి. చల్లారాక చేసే పరీక్షకి విలువ లేదు.

మొదట పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, తర్వాత బండి అందుకుంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. పెట్రోలు బయటికి వెళ్లేకొద్దీ లోపలికి గాలి రాకపోతే పంపు ఎంత లాగినా లాభం లేదు. రంధ్రం శుభ్రం చేస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

రెండోది స్పార్క్. అక్కడే, వేడి మీదే చూడండి. స్పార్క్ లేకపోతే కాయిల్ గానీ కండెన్సర్ గానీ వేడికి చేతులెత్తేస్తోంది. మేస్త్రి "బాబుగారూ, కాయిల్ పోయింది, మార్చేద్దాం" అంటే, "ఒక్క నిమిషం మేస్త్రిగారూ, ముందు కండెన్సర్ మార్చి చూద్దాం" అనండి. అది చవక, పైగా ఎక్కువగా చెడేదీ అదే.

స్పార్క్ దివ్యంగా ఉంటే మూడోది, పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం. ఏసీ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ వేడంతా దానికి ఎక్కుతుంది. పంపు ఆవిరిని తొయ్యలేదు. నీళ్లలో పిండిన గుడ్డ పంపు మీద, దాన్నించి కార్బురేటర్‌కి వెళ్లే పైపు మీద వేసి అయిదు నిమిషాలు ఆగండి. వెంటనే అందుకుంటే రోగం తేలిపోయినట్టే. పాత టాక్సీ డ్రైవర్లు బానెట్ కింద తడిగుడ్డ ఉంచుకున్నది ఇందుకే. గుడ్డ నీళ్లు డిస్ట్రిబ్యూటర్ మీద కారకుండా చూసుకోండి.

గుడ్డతో రోడ్డు మీద గండం గడుస్తుంది గానీ, ఇంటికొచ్చాక చెయ్యాల్సిన పని వేరే ఉంది. పంపుకీ ఇంజిన్‌కీ మధ్య వేడి ఆపే బేకలైట్ ముక్క ఉందో లేదో చూడండి. పంపు విప్పినప్పుడల్లా పోయేది, ఎవరూ వెతకనిది ఆ ముక్కే. దాని బదులు వేరే మందంలో ఏదో ఒకటి పెడితే పంపు తొక్కుడు మారిపోతుంది, కాబట్టి అదే మందంలో పెట్టించండి. పెట్రోలు పైపు సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దగ్గరగా వెళ్తుంటే దూరం జరిపి, పైన వేడి తగలని తొడుగు వెయ్యండి. ఇవి చేశాకా ఆగుతుంటే, అప్పుడు ట్యాంకు దగ్గర తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు పెట్టించడం సబబు. దానికి ఫ్యూజు, ఆపే స్విచ్చి తప్పనిసరి.

యాక్సిలరేటర్ తొక్కితే జెర్కులు

నెమ్మదిగా వెళ్తే బానే ఉండి, తొక్కగానే ముక్కుతుంటే కార్బురేటర్ జెట్టులో, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రంలో, చెత్త ఇరుక్కుంది. జెట్టు శుభ్రం చేస్తే వారం నడిచి మళ్లీ అదే అవుతుంది, ఎందుకంటే చెత్త పుట్టేది ట్యాంకులో. ఫిల్టరు విప్పి తెల్లకాగితం మీద దులపండి. ఎర్రటి పొడి రాలితే ట్యాంకు తుప్పు పట్టింది. నల్లగా, జిగురుగా ఉంటే పాత రబ్బరు పైపులు కరుగుతున్నాయి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని లాక్కుంటుంది, పాత రకం రబ్బరుని ఉబ్బిస్తుంది. అందుకని పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ గాస్కెట్లు ఇథనాల్ తట్టుకునే రకం కొనండి. నెలల తరబడి బండి తియ్యనప్పుడు ట్యాంకు, కార్బురేటర్ గిన్నె ఖాళీ చెయ్యండి. తుప్పు పట్టిన ట్యాంకయితే దింపి, లోపల గుప్పెడు నట్లు వేసి ఊపి, తుప్పు వదిలే ద్రావణం పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. చిల్లు ఉంటే మాత్రం మీరు వెల్డింగ్ జోలికి పోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది. ఆ పని తెలిసిన మనిషికే ఇవ్వండి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

బోరు నీళ్లు పోసిన రేడియేటర్లన్నిటి కథా ఒకటే, గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. కొన్నిచోట్ల చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు పూడుకుపోయాయి. రేడియేటర్ షాపులో రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చెయ్యడం) చేయించి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పొయ్యండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా? హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పొర, పోయింది. పద్మిని హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది. కొత్త గాస్కెట్ వేసేముందు లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ (అడుగు సమంగా ఉందో లేదో) చూపించకపోతే ఆ గాస్కెట్ కూడా నిలవదు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, కొద్దికొద్దిగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

పొగ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ. వేడెక్కాకా తెల్లపొగ ఆగకపోతే సిలిండర్లోకి నీళ్లు చేరుతున్నాయి. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. అప్పుడు కంప్రెషన్ గేజ్ పెట్టి ప్రతి సిలిండర్ ఒత్తిడి చూసి, తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

బ్రేకు

ఇందులో రాజీ అనే మాటే వద్దు. పెడల్ మెత్తగా దిగి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతుంటే లైన్లో గాలి ఉంది, లేదా షూ అడ్జస్ట్‌మెంట్ వదులైంది. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి జారుతూ, ఎక్కడా కారడం లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయాయి. బండి ఒక పక్కకి లాగితే డ్రమ్ములు విప్పండి. ఏదో ఒక వీల్ సిలిండర్ కారి షూ తడిసి ఉంటుంది. తడిసిన షూని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వెయ్యకండి, రెండు వైపులా కొత్తవి మార్చండి.

చాలామంది గుర్తుపట్టలేనిది ఇంకొకటి ఉంది. బ్రేకు వదిలినా ఒక చక్రం పట్టే ఉంటుంది. జాకీ ఎత్తి, ఆ చక్రం బ్లీడ్ నిప్పుల్ (ఎయిర్ తీసే చిన్న స్క్రూ) కాస్త వదులు చెయ్యండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలితే, దానికి వెళ్లే రబ్బరు పైపు లోపల ఉబ్బి దారి మూసేసింది. పైకి ఆ పైపు కొత్తదానిలాగే కనిపిస్తుంది.

గేర్లు పడటం లేదు

స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్ గిలగిల ఊగుతుంటే గేర్‌బాక్స్ దింపాలని కంగారు పడొద్దు. లింకేజీ బుష్షులు అరిగాయి, లేత్ మీద కొత్తవి చేయిస్తారు. ఆగి ఉన్నప్పుడు రివర్స్ గరగరమంటే మాత్రం క్లచ్ పూర్తిగా విడవడం లేదు, దాని అడ్జస్ట్‌మెంట్ చూడండి.

తుప్పు

డబ్బు, కాలం ఎక్కువ తినేది ఇదే. ఈ కారుకి విడిగా చాసిస్ ఉండదు, బాడీ రేకే బరువు మోస్తుంది. కాబట్టి డోర్ల కింది సిల్ ప్యానెళ్లు, ఫ్లోర్, వెనక లీఫ్ స్ప్రింగులు పట్టుకునే చోట్లు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది.

పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి, బాడీ కింది అంచు వెంట మెల్లగా జరపండి. పట్టు జారిపోయిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి, అక్కడ రంగు కింద ఉన్నది పుట్టీ. కార్పెట్లు ఎత్తి ఫ్లోర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. ఖంగుమనాల్సిన చోట దబ్బుమంటే రేకు లోపల తినేసింది. ఫ్లోర్ తడిగా ఉంటే ముందువైపు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మీద నీళ్లు పోసి చూడండి. ఆ లీకు మూయకుండా ఫ్లోర్ వేయిస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే పని.

సిల్ కోసేముందు బాడీకి కింద సమంగా ఆధారాలు పెట్టి, డోర్ ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేయించండి. అది లేకుండా కోస్తే బాడీ కుంగి డోర్లు ఇక మూసుకోవు. టింకరింగ్ మేస్త్రికి చాసిస్ నంబరు ఉన్న చోటు ముందే చూపించి, అక్కడ గ్రైండర్ తగలకూడదని చెప్పండి. ఆ నంబరు చెరిగితే ఆర్‌సీ రెన్యువల్ దగ్గర ఇరుక్కుంటారు, ఈ వయసు బండికి అయిదేళ్లకోసారి అది తప్పదు.

రంగు వానాకాలంలో వద్దు. గాలిలో తేమ ఉంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ మీద తెల్లటి పొర కమ్ముతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు మన దగ్గర అనుకూలం. హార్డెనర్ కలిపే పెయింట్లు ఇంట్లో కొట్టకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం, మామూలు మాస్కు ఆపదు.

రంగు వేయించాక లైట్లు మసకబారాయి, హారన్ నీరసించింది

బల్బులు మార్చకండి. పెయింటర్ ఎర్త్ బోల్టుల కింద కూడా రంగు కొట్టేశాడు. ప్రతి లైటు ఎర్త్ వైరు విప్పి, ఆ ఒక్క చోట రంగు గీకి మళ్లీ బిగించండి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ సరిగ్గా ఉంది. అంతకంటే తక్కువ చూపిస్తే ఫ్యాన్ బెల్టు బిగువు, డైనమో లేదా ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్, ఈ వరసలో చూసుకుంటూ వెళ్లండి.