కోడింగ్ నియమాలను ప్రోగ్రామర్ల నైపుణ్యానికి తగినట్లు అమర్చుకోవడం ఎలా?

ఉద్యోగంలో చేరి మూడు నెలలైన ఫ్రెషర్‌కూ, ఏళ్ల తరబడి అదే ప్రాజెక్టును నడిపిస్తున్న సీనియర్‌కూ ఒకే కోడింగ్ నియమాల పత్రాన్ని ఇచ్చి, ఇద్దరూ దాన్ని ఒకే తీరుగా పాటించాలని కోరడం చాలా జట్లలో ఆనవాయితీ. ఆ పత్రంలో సగం ఫ్రెషర్‌కు అర్థం కాదు. మరో సగం తన పనికి వర్తించదని సీనియర్‌కు తెలుసు కనుక, వర్తించే సగాన్ని కూడా ఆయన క్రమంగా పట్టించుకోవడం మానేస్తారు. అలాగని ఎవరి ఇష్టానికి వారిని వదిలేసినా పని సాగదు. కాబట్టి టీమ్ లీడ్ నిర్ణయించవలసింది ఏ నియమాలు ఉండాలన్నది ఒక్కటే కాదు. ఒక్కో నియమాన్ని ఎవరికి ఏ రూపంలో ఇవ్వాలి, దాన్ని అతిక్రమించే అధికారం ఎవరికి ఉండాలి అన్నది కూడా.

ముందుగా ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తెలియాలి. రెజ్యూమేలోని అనుభవ సంవత్సరాలు ఇందుకు అంతగా పనికిరావు. 1980లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ డ్రైఫస్, హ్యూబర్ట్ డ్రైఫస్ సోదరులు అమెరికా వైమానిక దళం కోసం రాసిన నివేదికలో, నైపుణ్యం ఐదు మెట్లుగా పెరుగుతుందని ప్రతిపాదించారు. వారి ప్రకారం, కొత్తగా నేర్చుకునేవారు సందర్భంతో నిమిత్తం లేని నియమాలను పట్టుకుని నడుస్తారు. నిపుణులు సందర్భాన్ని చూడగానే ఏం చేయాలో గ్రహిస్తారు. జట్టు అవసరానికి ఐదు మెట్లు ఎక్కువ, మూడు చాలు. కోడ్ రివ్యూలో (ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి సరిచూసేటప్పుడు) ఏదో ఒక నియమాన్ని చూపి, అది ఎందుకుందో, ఎప్పుడు పనికిరాదో అడగండి. రెండింటికీ జవాబు రాకపోతే మొదటి స్థాయి. కారణం చెప్పి, మినహాయింపు చెప్పలేకపోతే రెండో స్థాయి. రెండూ ఉదాహరణతో సహా చెప్పగలిగితే మూడో స్థాయి. ఈ అంచనాను మనిషికి కాక మనిషి చేసే పనికి వేయాలి. జావాలో చేయి తిరిగినవారు డేటాబేస్ మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే కోడ్) రాయవలసి వచ్చినప్పుడు కొత్తవారే కావచ్చు, అక్కడ వారికి ఫ్రెషర్‌కు ఇచ్చే నియమాలే ఇవ్వాలి. దీన్ని చిన్నతనంగా భావించే సీనియర్లు ఉంటారు. ముందే విడిగా మాట్లాడటం మంచిది.

మొదటి స్థాయివారికి నియమాలు తక్కువగా ఉండాలి, మినహాయింపులు అసలు ఉండకూడదు, వీలైనంతవరకు యంత్రమే వాటిని అమలు చేయాలి. డబ్బును ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) కాక పైసల లెక్కన పూర్ణసంఖ్యలో దాచాలన్నది అలాంటి నియమం. 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుందని ఒక్కసారి తెరమీద చూపిస్తే చాలు, ఫ్లోట్ అంతర్నిర్మాణం గురించి ఆ రోజే పాఠం చెప్పనక్కరలేదు. ఎర్రర్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే ఖాళీ క్యాచ్ బ్లాకును నిషేధించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇండెంటేషన్, బ్రాకెట్లు, పేర్ల తీరు వంటివాటిని కోడ్‌ను ఒకే తీరులో సర్దే ఫార్మాటర్‌కూ, నియమం తప్పిన చోట్లను చూపే లింటర్‌కూ అప్పగించాలి. స్పేస్ ఎక్కడ ఉండాలో రివ్యూలో మనిషి చెప్పవలసి వచ్చిందంటే, ఆ సమయం తర్కాన్ని చూడటానికి దక్కలేదన్నమాటే.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది రెండో స్థాయిలో. ఫ్రెషర్ చేసిన తప్పు సాధారణంగా ఆ పూటే బయటపడుతుంది. నియమం తెలిసి దాని హద్దు తెలియనివారు చేసిన తప్పు చూడటానికి మంచి పనిలాగే ఉంటుంది, రివ్యూలో మెచ్చుకోలు కూడా పొందుతుంది. ఉదాహరణకు ఒక డెలివరీ యాప్‌ను తీసుకుందాం. అందులో చిరునామా పేజీలో పిన్‌కోడ్ ఆరు అంకెలు ఉందో లేదో చూసే ఫంక్షన్ ఒకటి, లాగిన్ పేజీలో ఓటీపీ ఆరు అంకెలు ఉందో లేదో చూసే ఫంక్షన్ మరొకటి ఉన్నాయి. ఒకే కోడ్‌ను రెండు చోట్ల రాయకూడదన్న నియమం బాగా వంటబట్టిన ప్రోగ్రామర్ ఆ రెంటినీ కలిపి ఒకే ఫంక్షన్ చేస్తారు. టెస్టులన్నీ పాసవుతాయి. కొన్నాళ్లకు మరొకరు, మన దేశంలో ఏ పిన్‌కోడూ సున్నాతో మొదలు కాదు కనుక (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి) మొదటి అంకె సున్నా అయితే తిరస్కరించాలన్న షరతును అందులో చేరుస్తారు. ఆ షరతు సరైనదే. కానీ ఓటీపీ సున్నాతో మొదలు కావచ్చు. ఆరు అంకెలూ యాదృచ్ఛికంగా ఎంచుకునే వ్యవస్థలో సుమారు పదింట ఒకటి అలాగే మొదలవుతుంది. దాంతో పదిమందిలో ఒకరికి సరైన ఓటీపీ కొట్టినా లాగిన్ కుదరదు, మళ్లీ తెప్పించుకుంటే కుదురుతుంది. నెట్‌వర్క్ బాగాలేదేమోనని అందరూ సర్దుకుపోతారు. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడానికి వారాలు పట్టవచ్చు.

ఇక్కడ నియమం తప్పు కాదు. నియమం మాట్లాడేది ఒకే జ్ఞానం రెండు చోట్ల ఉండటం గురించి. ఆ ప్రోగ్రామర్ చూసింది ఒకే ఆకారంలో ఉన్న అక్షరాలను. అందువల్ల రెండో స్థాయివారికి నియమాన్ని కారణంతోనూ, ఒక ప్రశ్నతోనూ కలిపి ఇవ్వాలి. ఈ సందర్భంలో ప్రశ్న ఇది: ఈ రెండూ రేపు మారితే ఒకే కారణంతో మారతాయా? పిన్‌కోడ్ మారేది తపాలా శాఖ నిర్ణయంతో, ఓటీపీ మారేది భద్రతా బృందం నిర్ణయంతో. కాబట్టి వాటిని కలపకూడదు. పుల్ రిక్వెస్ట్ (మార్పును ప్రధాన కోడ్‌లో కలపమని చేసే అభ్యర్థన) వివరణలో ఈ ప్రశ్నకు ఒక వాక్యం జవాబు రాయించడం, అదే పోలిక మూడోసారి కనిపించేవరకు కలపకుండా ఆగమనడం ఈ స్థాయిలో బాగా పనిచేస్తాయి. డిజైన్ ప్యాటర్న్‌లకూ (తరచూ వచ్చే సమస్యలకు సిద్ధంగా ఉన్న పరిష్కార నమూనాలకూ), మైక్రోసర్వీసులకూ (అప్లికేషన్‌ను చిన్న చిన్న విడి సేవలుగా విడగొట్టడానికీ), ఇప్పుడు లేని వేగ సమస్యకు ముందే వైద్యం చేయడానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఏ అవసరం తీరుతోందో మామూలు మాటల్లో చెప్పలేకపోతే మార్పును వెనక్కి పంపడంలో మొహమాటపడకూడదు.

మూడో స్థాయివారికి నియమాన్ని అతిక్రమించే హక్కు ఇవ్వాలి, అయితే కారణం రాసే బాధ్యతతో కలిపి ఇవ్వాలి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా రాసిన ప్రసిద్ధ లేఖ తరువాత గోటూ (కోడ్‌లో నేరుగా మరో చోటికి దూకించే ఆదేశం) వాడకూడదన్నది క్రమంగా కాలేజీ పాఠంగా స్థిరపడింది. అయినా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ కోడింగ్ మార్గదర్శకాలే, ఒక ఫంక్షన్ నుంచి అనేక చోట్ల బయటికి రావలసి వచ్చి, ప్రతిచోటా మెమొరీ విడుదల వంటి శుభ్రపరిచే పని ఉమ్మడిగా ఉన్నప్పుడు గోటూ వాడటాన్ని సమర్థిస్తాయి, ఎందుకో కూడా వివరిస్తాయి. మినహాయింపు ఉండవలసిన తీరు అదే: హద్దు గీసి, కారణం చెప్పి, అందరికీ కనిపించే చోట రాసి ఉంచడం. కోడ్‌లో ఆ పంక్తి పైన ఒక కామెంట్ లేకుండా చేసిన ఉల్లంఘనను, చేసినవారు ఎంతటివారైనా, ఆమోదించకూడదు.

నైపుణ్యంతో సంబంధం లేకుండా అందరికీ వర్తించే నియమాలు కొన్ని ఉంటాయి, వాటిని వేరే పేజీలో పెట్టాలి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన ఒక భద్రతా లోపంలో, బ్రాకెట్లు లేని ఇఫ్ షరతు కింద గోటూ ఫెయిల్ అన్న పంక్తి పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది షరతుతో పనిలేకుండా ప్రతిసారీ అమలై, సర్వర్ సంతకాన్ని సరిచూసే ఆఖరి పరీక్షను దాటవేసింది. ఇలాంటిది తెలియనితనం వల్లనే జరగాలని లేదు, ఎంత చేయి తిరిగినవారి చేతిలోనైనా జరుగుతుంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ సంస్థలో ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. మిగిలిన ఒక్కదానిలో పాత కోడ్ మేలుకొని, సుమారు 45 నిమిషాల్లో సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. డిప్లాయ్‌ను (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడాన్ని) రెండో వ్యక్తి సరిచూడాలన్న రాతపూర్వక విధానం అక్కడ లేదని తరువాతి విచారణలో తేలింది. మరొకరి రివ్యూ లేకుండా కోడ్‌ను మెర్జ్ చేయకపోవడం (ప్రధాన కోడ్‌లో కలపకపోవడం), చెక్‌లిస్ట్ ప్రకారమే డిప్లాయ్ చేయడం, బ్యాకప్‌ను తిరిగి తెచ్చి పరీక్షించడం వంటివి ఈ పేజీలోకి వస్తాయి. జట్టును స్థాపించినవారికైనా వీటి నుంచి మినహాయింపు ఇవ్వకూడదు.

పత్రాన్ని రాసేటప్పుడు ప్రతి నియమం కింద దాని కారణం, మీ సొంత రిపాజిటరీ (జట్టు కోడ్ దాచే చోటు) నుంచి తీసిన ఒక చిన్న ఉదాహరణ, అది వర్తించని సందర్భం ఉండాలి. కారణం ఎవరికీ గుర్తులేని నియమాన్ని తీసేయండి. మూడు నెలలకోసారి లింటర్‌ను ఆపివేసిన చోట్లన్నీ వెతికి చూడండి. ఒకే నియమాన్ని పలువురు, సరైన కారణంతోనే పక్కనపెట్టి ఉంటే మార్చవలసింది ఆ నియమాన్ని. ఫ్రెషర్ ఎవరైనా మినహాయింపు అడిగితే, అది వారు రెండో స్థాయికి చేరుతున్నారనడానికి గుర్తు కావచ్చు. కనుక కుదరదని చెప్పవలసి వచ్చినా ఎందుకు కుదరదో రాతలో చెప్పి, ఆ జవాబును పత్రంలో అదే నియమం కింద చేర్చండి.