పెద్దవాళ్ళ కండ కొలుద్దాం, 3వ భాగం: కాళ్ళలో నీరుంటే మెషిన్ దాన్ని కండ అంటుంది

కిందటి భాగంలో బీఐఏ మెషిన్, అంటే ఒంట్లోకి చిన్న కరెంట్ పంపి కండ అంచనా కట్టే మెషిన్, దాని ఎలక్ట్రోడ్లు (కరెంట్ పంపే అంటుకునే పట్టీలు) ఎక్కడ అంటించాలో చూశాం కదా, కుడి చేతికి రెండు, కుడి పాదానికి రెండు, మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు. ఇవాళ మెషిన్ ఇచ్చిన అంకెలతో మనమే లెక్క కడదాం. స్క్రీన్ మీద కండ ఇంత అని వచ్చేస్తుంటే మళ్ళీ లెక్కెందుకు అనుకోవద్దు. అసలు మెషిన్ కండని చూడట్లేదండి, 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఒంటికి తెలియనంత చిన్న కరెంట్ పంపి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది, అంతే. కండలో ముప్పాతిక వంతు ఉప్పు కలిసిన నీళ్ళే కాబట్టి కరెంట్ తేలిగ్గా పోతుంది, కొవ్వులోంచి అంత తేలిగ్గా పోదు. మిగతాదంతా ఫార్ములానే.

ఒక పెద్దావిడ ఉన్నారనుకుందాం, 68 ఏళ్ళు, ఎత్తు 152 సెం.మీ., బరువు 50 కేజీలు. మెషిన్‌లో రెసిస్టెన్స్ (ఒంట్లో నీళ్ళలోంచి పోయే కరెంట్‌కి తగిలే అడ్డు) 560 ఓమ్స్, రియాక్టెన్స్ (కణాల పొరల వల్ల తగిలే అడ్డు) 45 ఓమ్స్ వచ్చింది. 152ని 152తో గుణిస్తే 23104, దాన్ని 560తో భాగిస్తే 41.26. ఈ అంకె పక్కన రాసుకోండి, మళ్ళీ కావాలి.

2000లో వచ్చిన జాన్సెన్ ఫార్ములా ఇలా ఉంటుంది: 41.26ని 0.401తో గుణించండి, 16.54 వస్తుంది. మగవాళ్ళైతే 3.825 కలపాలి, ఈవిడకి అక్కర్లేదు. వయసుని 0.071తో గుణించి ఆ 4.83 తీసేసి, చివర్లో 5.102 కలపండి. 16.8 కేజీలు, ఒళ్ళంతా కలిపి.

ఇప్పుడు అసలు సంగతి. వారం తర్వాత అదే ఆవిడకి కాళ్ళు వాచాయి, రెసిస్టెన్స్ 480కి పడింది. మళ్ళీ లెక్క కట్టి చూడండి, 19.6! వారంలో పావుతక్కువ మూడు కేజీల కండ ఎక్కడినుంచి వస్తుందండి, అది నీరు. నేను కొత్తలో ఒక తాతగారి రీడింగ్ చూసి వాళ్ళబ్బాయితో కండ పెరిగిందండీ అనేశాను, కాలు నొక్కి చూడకుండానే, వాళ్ళెంత సంతోషపడ్డారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే ముందు మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కండి, సొట్ట పడి అలాగే ఉండిపోతే ఆ రోజు రీడింగ్ నమ్మొద్దు, డాక్టర్‌కి చెప్పండి. విరేచనాలైనా, ఎండలో తిరిగొచ్చి నీళ్ళు తాగకపోయినా దీనికి తిరగబడుతుంది, ఉన్న కండ కూడా తక్కువ చూపిస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి మాత్రం ఈ టెస్ట్ చెయ్యనే వద్దు.

నీరు పట్టుకోడానికి ఇంకో దారి ఫేజ్ యాంగిల్, అంటే రియాక్టెన్స్, రెసిస్టెన్స్ రెండిటినుంచీ లెక్కకట్టే కోణం. 45ని 560తో భాగించి కాలిక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ నొక్కితే 4.6 డిగ్రీలు. ఎత్తూ బరువూ ఏ ఫార్ములా అక్కర్లేదు కాబట్టి నాకు ఇదంటే నమ్మకం ఎక్కువ. వాపొచ్చిన రోజు రియాక్టెన్స్ 34 అయిందనుకోండి, 34ని 480తో భాగిస్తే 4 డిగ్రీలే. కండేమో పెరిగింది, యాంగిలేమో తగ్గింది, అలా ఎదురెదురుగా వెళ్తే నీరేనేమో అని అనుమానించాలి.

ఇంకో చోట చాలామంది పడిపోతారు. 16.8ని మీటర్లలో ఎత్తు స్క్వేర్‌తో, అంటే 2.31తో భాగిస్తే 7.3 వస్తుంది, ముసలితనంలో కండ తగ్గడం మీద పనిచేసే ఆసియా వర్కింగ్ గ్రూప్ 2019లో ఆడవాళ్ళకి పెట్టిన గీత (ఇంతకంటే తక్కువైతే కండ తక్కువని) 5.7 కదా, బాగానే ఉంది అనేస్తారు. కానీ ఆ 5.7 కాళ్ళూ చేతుల కండకి మాత్రమే, మగవాళ్ళకి 7. దానికి 2015 నాటి సెర్జీ ఫార్ములా వాడదాం: 41.26ని 0.227తో, బరువుని 0.095తో, రియాక్టెన్స్‌ని 0.064తో గుణించి మూడూ కలిపి, మగవాళ్ళైతే 1.384 చేర్చి, 3.964 తీసేయాలి. ఈవిడకి 13 కేజీలు, 2.31తో భాగిస్తే 5.64. ఆసియా గీతకి కింద, యూరప్ వాళ్ళ 5.5 గీతకి పైన! పైగా ఆ ఫార్ములా కట్టింది ఇటలీ పెద్దవాళ్ళ మీద. ఇంత అంచున ఉన్నప్పుడు ఒక్క అంకె చూసి మీకు కండ తగ్గిపోయిందమ్మా అని భయపెట్టకండి, బలం చూడాలి.

బలం సంగతి 4వ భాగంలో. ఈలోపు ఇంట్లో పెద్దవాళ్ళని చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోమని, ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి, 12 లేదా అంతకంటే ఎక్కువైతే ఆ కాగితం దాచి ఉంచండి. కుర్చీ గోడకి ఆనించి, మీరు పక్కనే నిలబడండి.