తాళాలు తెరిచే వ్యాపకానికి ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడం ఎలా

తాళంచెవి లేకుండా, తాళాన్ని పగలగొట్టకుండా, లోపలి పిన్నులను సన్నని ఉక్కు పుల్లతో ఒక్కొక్కటిగా సరిచేసి తెరవడాన్ని లాక్ పికింగ్ అంటారు. కర్నూలులోనో, కడపలోనో, అనంతపురంలోనో ఉంటూ ఈ వ్యాపకం మీద మనసు పడిన పిల్లలకు తాళం కంటే ముందు ఇంట్లోవాళ్ల అనుమానం ఎదురవుతుంది. “దొంగలు నేర్చుకునే పని నీకెందుకురా” అని నాయన ఒక్క మాటతో తేల్చేస్తాడు. వీధిలో నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని అమ్మ భయపడుతుంది. ఈ రెండింటిలో అమ్మ భయమే బరువైనది. పిల్లల మీద నమ్మకం లేక వద్దనే తల్లిదండ్రులు తక్కువ; రేపు పక్కింట్లో ఏదైనా పోతే మొదట తమ బిడ్డ పేరే వినబడుతుందేమోనన్న దిగులుతో వద్దనేవాళ్లే ఎక్కువ. అందువల్ల వాదించి గెలవడానికి సిద్ధపడటం కంటే, ఆ దిగులుకు చోటు లేని ఏర్పాటును మీరే ముందుగా ఆలోచించి, దాన్ని వాళ్ల ముందు పెట్టి అనుమతి అడగడం మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది క్రమం. ముందు అడగాలి, తరువాతే కొనాలి. పనిముట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని, పార్సిల్ అమ్మ చేతికి అందాక, లోపల ఉన్నవేమిటో ఆమె చూసి నిర్ఘాంతపోయాక సంజాయిషీ మొదలుపెడితే, ఆ తరువాత ఎంత మంచి మాట చెప్పినా అది తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెబుతున్నట్టే వినబడుతుంది. చుట్టాలు లేని రోజు, రాత్రి భోజనాలయ్యాక, నాయన తీరికగా కూర్చున్నప్పుడు విషయం ఎత్తండి. “నాయనా, తాళం లోపల ఏముంటుందో, అది ఎట్ల పని చేస్తుందో నేర్చుకోవాలని ఉంది. నువ్వు సరేనంటేనే కొంటాను, నీ ఎదురుగానే నేర్చుకుంటాను, సామాను అమ్మ దగ్గరే ఉంటుంది” అన్న మూడు మాటలు మొదటి రోజుకు చాలు. అప్పటికప్పుడు జవాబు కోసం పట్టుబట్టకండి. ఆలోచించుకోవడానికి వాళ్లకు వ్యవధి ఇస్తే, మీరు దాచేదేమీ లేదన్న సంగతి దానంతట అదే తెలుస్తుంది.

రెండోసారి మాట్లాడేటప్పటికి తాళం లోపలి సంగతిని మీరు కాగితం మీద గీసి చూపించగలగాలి. పిన్ తాళం అనే రకంలో, చెవి దూర్చే గుండ్రటి కడ్డీకి పైన వరుసగా రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, దాని మీద మరో పిన్ను, ఆ పైన స్ప్రింగు ఉంటాయి. సరైన చెవి దూర్చినప్పుడు ప్రతి జతలోని రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా కడ్డీ అంచు దగ్గరకు వస్తుంది, అప్పుడు కడ్డీ తిరుగుతుంది. అయిదు పిన్నులుండి, ఒక్కో పిన్నుకు ఆరు ఎత్తులు పెట్టగలిగితే లెక్క ప్రకారం 7,776 రకాల చెవులు వస్తాయి. అన్ని రకాలుంటే చెవి లేకుండా తెరవడం ఎలా సాధ్యమన్న ప్రశ్నలోనే ఈ వ్యాపకపు ఆనందమంతా ఉంది. ఏ కర్మాగారమూ ఆ రంధ్రాలను ఒకే గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా తొలచలేదు. కడ్డీని టెన్షన్ రెంచ్ అనే వంపు తిరిగిన సన్నని పనిముట్టుతో మెల్లగా తిప్పి పట్టుకుంటే ఆ తేడా వల్ల పిన్నులన్నీ ఒక్కసారిగా కాక, ముందు ఏదో ఒక్కటే బిగుసుకుంటుంది. దాన్ని వేలికొసతో గుర్తించి సరైన ఎత్తుకు లేపితే చిన్న చప్పుడుతో నిలబడుతుంది, అప్పుడు మరొకటి బిగుసుకుంటుంది. పాలిటెక్నిక్ చదివినవారో, మోటార్లు విప్పి బిగించడం తెలిసినవారో అయిన తండ్రికి ఈ బొమ్మ వేసి చూపిస్తే, ఆయన ముఖంలోని అనుమానం స్థానంలో కుతూహలం రావడానికి ఎంతోసేపు పట్టదు.

పక్కలు పారదర్శకంగా ఉండే అభ్యాసపు తాళాలు దొరుకుతాయి. వీలైతే మొదట కొనమని అడగవలసినది అదే. పిన్నులు పైకీ కిందికీ కదలడం కంటికి కనబడుతుంది కనుక, పనిముట్లను ముందు నాయన చేతికే ఇవ్వండి. నేను ఇచ్చే సలహాలన్నిటిలో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. తన చేతితో ఒక్క పిన్నును నిలబెట్టిన మనిషి ఆ పనిని దొంగల పని అని అంత తేలికగా అనలేడు.

దొంగల సంగతి వచ్చినప్పుడు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలి. ఇంటికి వచ్చే దినపత్రికలో జిల్లా పేజీలు తిరగేయమనండి. చోరీ వార్తల్లో “తాళాలు పగలగొట్టి” అన్న మాటే మళ్లీ మళ్లీ కనబడుతుంది. గడ్డపారతో గొళ్లెం పెకలించడానికి క్షణాలు చాలు. పిన్నులను ఒక్కొక్కటిగా వింటూ కూర్చోవడానికి ఓపిక, వెలుతురు, నిశ్శబ్దం కావాలి, తెలియని తాళమైతే గంటసేపు కూర్చున్నా తెరుచుకోకపోవచ్చు. దొంగకు లేనిది ఆ తీరికే.

ఈ వ్యాపకానికి గౌరవమైన చరిత్ర కూడా ఉంది. లండన్‌లో జోసెఫ్ బ్రామా స్థాపించిన సంస్థ 1790లో తమ దుకాణం కిటికీలో ఒక తాళం ఉంచి, దీన్ని చెవి లేకుండా తెరిచే పనిముట్టు చేయగలిగినవారికి 200 గినీలు (అప్పటి బ్రిటన్ బంగారు నాణేలు) బహుమతి ఇస్తామని బోర్డు పెట్టింది. ఆరు దశాబ్దాలు అది ఎవరికీ లొంగలేదు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, మొదట పేరుమోసిన చబ్ తాళాన్ని సాక్షుల ఎదుట అర గంట లోపే తెరిచి, ఆ తరువాత 16 రోజుల మీద దాదాపు 51 గంటలు పనిచేసి బ్రామా తాళాన్నీ తెరిచాడు. ఆయన్ను ఎవరూ దొంగ అనలేదు, బహుమతి ఇచ్చారు. పగలకుండా తెరుచుకునే తాళం ఏదో బయటపడితేనే కదా తయారీదారులు మెరుగైనది చేసేది. భౌతికశాస్త్రంలో 1965 నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ ఫైన్‌మన్ కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లాస్ ఆలమోస్ అణుబాంబు ప్రయోగశాలలో పనిచేస్తూ, రహస్య పత్రాలున్న అల్మారాల తాళాలు ఎంత బలహీనమైనవో తెరిచి చూపించాడు. జర్మనీలో 1997 నుంచి, ఆ తరువాత నెదర్లాండ్స్‌లో, అమెరికాలో ఇందుకోసం సంఘాలు ఏర్పడి పోటీలు నడుపుతున్నాయి. అయితే పెద్దల ముందు ఈ పేర్లన్నీ ఏకరువు పెట్టకండి. హాబ్స్ కథ ఒక్కటి చక్కగా చెబితే చాలు, అది కథగానూ రక్తి కడుతుంది.

ఆ సంఘాలన్నీ పాటించే నియమాలు రెండున్నాయి. తనది కాని తాళాన్ని, సొంతదారు అనుమతి లేకుండా ముట్టకూడదు. వాడుకలో ఉన్న తాళాన్ని, అది తన సొంతమైనా, తెరవడానికి ప్రయత్నించకూడదు. వీటిని ఒక కాగితం మీద మీ చేతిరాతతో రాసి, సంతకం చేసి అమ్మకు ఇవ్వండి. మొదటి నియమం అందరికీ అర్థమవుతుంది, రెండో దాని దగ్గరే పిల్లలు జారిపోతారు. కొంచెం చేయి తిరగగానే ఇంట్లో అందరినీ ఆశ్చర్యపరచాలన్న ఉత్సాహంతో బీరువా తాళం మీదకు వెళతారు. దయచేసి ఆ పని ఎన్నటికీ చేయకండి. అమ్మ నగలు, ఇంటి పత్రాలు, నాయన బ్యాంకు కాగితాలు ఉండే బీరువాను చెవి లేకుండా తెరిచి నవ్వుతూ నిలబడ్డ కొడుకును చూసినప్పుడు ఆ తల్లికి కలిగేది ఆశ్చర్యం కాదు, తన ఇల్లు తనకు భద్రం కాదన్న భయం. తెరుచుకోకపోతే మరీ కష్టం. పిన్ను వంగినా, పిక్ అనే ఆ ఉక్కు పుల్ల లోపల విరిగినా అసలు చెవి కూడా పనిచేయదు, రాత్రికి రాత్రి తాళాలు బాగుచేసేవాడి కోసం వెతుక్కోవాలి. ఇంటి తలుపులకు, బీరువాకు, బండికి, పొలంలోని స్టార్టరు డబ్బాకు ఉన్న తాళాలు మీ అభ్యాసానికి లేవని మీ నోటితో మీరే ముందుగా చెప్పండి. వాళ్లు అడగకముందే మీరు పెట్టుకున్న హద్దు, వాళ్లు పెట్టిన హద్దు కంటే ఎక్కువ నమ్మకం పుట్టిస్తుంది.

మరి దేని మీద నేర్చుకోవాలంటే, హార్డ్‌వేర్ దుకాణంలో నాయనతో కలిసి వెళ్లి కొన్న చవక తాళంకప్పల మీద. కొనేముందు చెవిని చూడండి. చెవి చదునుగా ఉండి, పై అంచు ఎగుడుదిగుడుగా కోసి ఉంటే అది చాలావరకు పిన్ తాళం. గుండ్రటి కాడ చివర రెక్క ఉండి, ఆ రెక్క మెట్లు మెట్లుగా ఉంటే లోపల పిన్నులకు బదులు లివర్లు, అంటే చెవి రెక్క లేపే పలుచని పలకలు ఉంటాయి. మన ఇళ్లలో లివర్ తాళాలు ఎక్కువ, వాటికి వేరే పనిముట్లు, వేరే పద్ధతి కావాలి, కొత్తవాళ్లకు అవి లొంగవు. అటక మీద చెవులు పోయిన పాత తాళాలు ఉంటే జేజిని అడిగి తీసుకోండి. తెరవలేకపోయినా, అది ఏ తలుపుకు వేసేవారో, పాత మిద్దె ఇంట్లో ఏముండేదో ఆమె చెబుతుంది, ఇంట్లో మీ వైపు మాట్లాడే పెద్దమనిషి ఒకరు తయారవుతారు.

సామాను ఎక్కడ ఉంటుందన్నది తరువాతి మాట. ఒక డబ్బాలో పెట్టి అమ్మకు అప్పగించి, అభ్యాసానికి అడిగి తీసుకొని, అయిపోగానే తిరిగి ఇవ్వాలి. గది తలుపు వేసుకొని కాకుండా హాల్లో, అందరూ తిరిగే చోట కూర్చోవాలి. పనిముట్లు జేబులో పెట్టుకొని బయటికి వెళ్లకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆస్తి ఉన్న మూసిన పెట్టెనో, అల్మారానో దురుద్దేశంతో తెరవడం 334వ సెక్షన్ కింద నేరం. పరుల ఇంట్లోకి అక్రమంగా చొరబడటం గురించి 330, 331 సెక్షన్లు చెబుతాయి. సొంత డబ్బుతో కొన్న తాళాన్ని సొంత ఇంట్లో, తల్లిదండ్రుల ఎదుట తెరిచేవారి పనిలో ఆ దురుద్దేశమూ లేదు, పరుల ఆస్తీ లేదు. రాత్రిపూట ఇవే పనిముట్లతో వీధిలో కనబడితే మాత్రం ఏ కానిస్టేబులైనా ఆపి ప్రశ్నిస్తాడు, అది ఆయన ఉద్యోగం. నాయనకు ఇంకా సందేహముంటే తెలిసిన వకీలును ఒక మాట అడగమని మీరే చెప్పండి.

ఇక పరువు సంగతి. తాళం తెరిచిన వీడియోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం, స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకోవడం మొదటి ఏడాది పూర్తిగా మానేయండి. అమ్మ భయపడ్డ మాట ఆ దారినే వీధిలోకి చేరుతుంది. అయినా ఎలాగో తెలిసి, చెవి పోగొట్టుకున్న పక్కింటామె “ఒక్కసారి వచ్చి తీసిపెట్టు నాయనా” అని పిలిస్తే ఏం చేయాలో కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. వెళ్లకూడదనే నా అభిప్రాయం. అది వాడుకలో ఉన్న తాళం, పాడైతే నష్టం వాళ్లది, ఆపైన ఎప్పుడైనా ఆ ఇంట్లో ఒక వస్తువు కనబడకపోతే ఆమె మనసు మొదట మీ దగ్గరికే వస్తుంది. “నాయనను అడిగి చెబుతానక్కా” అని మర్యాదగా తప్పుకొని, చెవులు చేసేవారిని పిలిపించడంలో సాయపడితే సరిపోతుంది.

చదువు గురించి అడిగితే ఈఏపీసెట్ ఏడాదిలో ఉన్నవారు పరీక్షల తరువాతే మొదలుపెడతామనడం ఉత్తమం. ఇది ఉద్యోగం తెచ్చిపెడుతుందని మాత్రం చెప్పకండి. సంస్థల భద్రతను పరీక్షించే నిపుణులు తాళాలనూ పరీక్షిస్తారన్నది నిజమే, కానీ ఆ మాటతో ఒప్పిస్తే రేపు జీతం లెక్క అడుగుతారు. చదరంగం ఆడే పిల్లవాణ్ని దాని మీద ఎంత సంపాదిస్తావని ఎవరూ అడగరు, దీన్నీ ఆ స్థాయిలోనే ఉంచండి. ఖర్చు కొన్ని వందల రూపాయలు, బిల్లు నాయన చేతికి ఇవ్వండి. కూతురైతే “ఆడపిల్లకు ఇదెందుకు” అన్న ప్రశ్న అదనంగా వస్తుంది. వేళ్ల నేర్పు, ఓపిక కావలసిన పనిలో ఆడపిల్లకు కొరత ఏముందని అమ్మ చేతి కుట్టుపనినే చూపించి అడగవచ్చు.

కొంతకాలం గడిచాక ఇంటికి పనికివచ్చే పని ఒకటి దీనితో చేయండి. మన ప్రాంతపు దుమ్ముకు తాళాలు బిగుసుకుంటే చాలామంది కొబ్బరినూనె పోస్తారు, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకొని కొన్నాళ్లకు మరింత బిగుస్తుంది. పిన్ తాళానికి పొడి గ్రాఫైట్ వేయడం మంచిది. నాయన అనుమతితో, చెవి చేతిలో ఉండగానే, ఇంటి తాళాలకు అది వేసి చూపించండి.

ఇంత చేసినా వద్దంటే ఆగండి. చాటుగా మొదలుపెడితే, బయటపడిన రోజు మీ మీద వాళ్లకున్న అనుమానం నిజమైపోతుంది. పాత తాళాన్ని విప్పి భాగాలు పరిచి చూడటానికి, బొమ్మలు గీయడానికి, మళ్లీ బిగించడానికి ఎవరూ వద్దనరు, సగం విద్య అందులోనే ఉంది. ఆరు నెలల తరువాత మళ్లీ అడగవచ్చు. ఒప్పుకున్న ఇంటివారైతే, పిల్లలు హాస్టలుకు వెళ్లేటప్పుడు ఆ డబ్బాను ఇంట్లోనే ఉంచాలన్న షరతు ముందే పెట్టుకోవాలి. పది మంది ట్రంకు పెట్టెలు ఒకే గదిలో ఉండే చోట ఆ పనిముట్లకు పని లేదు. సెలవులకు వచ్చినప్పుడు అమ్మను అడిగి తీసుకుంటే సరిపోతుంది.