వస్తువుకు విద్యుత్ ఆవేశం ఉందో లేదో తేల్చడం ఎలా?

రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగితే, కాగితానికీ ఆవేశం ఉందని చాలామంది పిల్లలు అనుకుంటారు. అది నిజం కాదు. ఆవేశం ఉన్న వస్తువు, ఏ ఆవేశమూ లేని తటస్థ వస్తువును కూడా లాగుతుంది. రెండింటికీ ఆవేశం ఉందని నమ్మకంగా చెప్పేది వికర్షణ, అంటే ఒకదాన్నొకటి నెట్టుకోవడం మాత్రమే. ఇంట్లోనే చేసి చూపించండి.

కావాల్సినవి: రెండు బెలూన్లు, గాలానికి కట్టే నైలాన్ దారం, ఉన్ని మంకీ క్యాప్, కాస్త అల్యూమినియం ఫాయిల్.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు సముద్రపు తేమ ఎక్కువ. ఆ తేమ బెలూన్ మీద కంటికి కనపడని నీటి పొరలా పట్టి ఆవేశాన్ని జార్చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో ఎంత రుద్దినా ఫలితం అంతంతమాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి తోలే మధ్యాహ్నం ఎంచుకోండి. ఫ్యాన్ ఆపండి. నూనె రాసిన జుట్టుకు రుద్దొద్దు, ఉన్నే మేలు.

1. ఒక బెలూన్ ఊది గుమ్మానికి వేలాడదీయండి. క్యాప్‌తో చుట్టూ బాగా రుద్దండి.

2. అరచెయ్యి దగ్గరికి తీసుకెళ్లండి. చేతికి ఆవేశం లేకపోయినా బెలూన్ దానివైపు వస్తుంది. రుద్దడంతో బెలూన్‌కు వచ్చిన రుణావేశం చేతిలోని ఎలక్ట్రాన్లను వెనక్కి నెట్టడంతో దగ్గరి వైపున ధనావేశం మిగులుతుంది. దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని 1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కూలుంబ్ కొలిచి చూపించాడు. అందుకే దగ్గరి ఆకర్షణ దూరపు వికర్షణను మించిపోతుంది.

3. రెండో బెలూన్‌నూ అదే క్యాప్‌తో రుద్ది దగ్గరికి తేండి. రెండింటికీ ఒకే రకం ఆవేశం ఉండటంతో మొదటిది పక్కకు తప్పుకుంటుంది. ఒక్కోసారి గిర్రున తిరిగి, సరిగా రుద్దని వైపును మీకు చూపిస్తూ దగ్గరికొస్తుంది. అప్పుడు ఆ వైపు కూడా రుద్దండి.

4. ఇప్పుడు క్యాప్‌నే దగ్గర పెట్టండి. బెలూన్ లాక్కుంటుంది. క్యాప్‌కు ధనావేశం ఉందనడానికి ఇది చాలదు, అరచెయ్యీ ఇలాగే లాగింది కదా!

5. శనగగింజంత ఫాయిల్ ఉండను నైలాన్ దారానికి వేలాడదీసి, రుద్దిన బెలూన్ చూపండి. ఉండ వచ్చి తగిలి, కాస్త ఆవేశం తీసుకుని వెంటనే ఎగిరిపోతుంది. వేలితో ముట్టుకుంటే ఆ ఆవేశం పోతుంది, ఉండ మళ్లీ బెలూన్ వైపు వస్తుంది.