జనరల్ క్లినిక్‌లో డిప్రెషన్‌కు ఉమ్మడి చికిత్స: ఏర్పాటు, నిర్వహణ

నిద్ర పట్టడం లేదని, ఒళ్లు నొప్పులు తగ్గడం లేదని జనరల్ డాక్టరు దగ్గరకు వచ్చేవారిలో కొందరిని నిజానికి బాధిస్తున్నది డిప్రెషన్. మందు రాయించుకుని వెళ్లినవారు తిరిగి రాకపోతే, కోలుకున్నారో మధ్యలో మానేశారో కనుక్కునే ఏర్పాటు చాలా క్లినిక్‌లలో ఉండదు. డాక్టరు, కేర్ మేనేజర్, సైకియాట్రిస్టు ఒక జట్టుగా రోగిని చివరిదాకా కనిపెట్టుకుని ఉండే ఉమ్మడి చికిత్స పూడ్చేది ఈ లోటునే.

డాక్టరుతో పాటు ఇందుకు, రోగులకు ఫోన్ చేస్తూ వారి బాగోగులు కనుక్కునే కేర్ మేనేజర్‌గా శిక్షణ పొందిన నర్సు లేదా సోషల్ వర్కర్, సలహా ఇచ్చే సైకియాట్రిస్టు కావాలి. సైకియాట్రిస్టును వారానికో పూట క్లినిక్‌లో కూర్చోబెట్టి దీనినే ఉమ్మడి చికిత్స అనుకునేవారున్నారు. నా దృష్టిలో ముందు నియమించవలసింది కేర్ మేనేజర్‌ను.

తొలి సందర్శనలో డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపించాలి. గత రెండు వారాల స్థితిపై తొమ్మిది ప్రశ్నలకు మొత్తం స్కోరు 0 నుంచి 27 వరకు ఉంటుంది; ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత తీవ్రం. అది 10కి చేరితే డాక్టరు స్వయంగా మాట్లాడి, థైరాయిడ్ లోపం, మద్యం అలవాటు, బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చే జబ్బు) లక్షణాలు ఉన్నాయేమో చూసి నిర్ధారించాలి. చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరే జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంత తక్కువైనా, అదే రోజు డాక్టరు మాట్లాడకుండా ఇంటికి పంపరాదు.

ప్రతి రోగి పేరు, స్కోర్లు, మందు మోతాదు, తర్వాత ఫోన్ చేయవలసిన తేదీ ఒకే రిజిస్టరులో ఉండాలి. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. కేర్ మేనేజర్ నుంచి మొదటి ఫోన్ ఒకటి రెండు వారాల్లోపే వెళ్లాలి, ఎందుకంటే మందు గుణం కనిపించడానికి వారాలు పడుతుంది గానీ వికారం, తలనొప్పి వంటివి తొలి రోజుల్లోనే వచ్చి, చాలామంది అక్కడే మానేస్తారు. “మాత్రలు వేసుకుంటున్నారా?” అంటే అవుననే జవాబే వస్తుంది కనుక, “ఈ వారంలో ఎన్ని రోజులు వేసుకోలేకపోయారు?” అని అడగడం మేలు. మానేసిన పనుల్లో చిన్నదొకటి మళ్లీ మొదలుపెట్టించడం కూడా ఆ సంభాషణలో భాగమే.

వారానికోసారి కేర్ మేనేజర్, సైకియాట్రిస్టు రిజిస్టరు ముందేసుకుని, స్కోరు కదలని వారి గురించి మొదట చర్చించాలి. ఉదాహరణకు 18తో మొదలైన వ్యక్తి ఎనిమిదో వారానికీ 16 దగ్గరే ఉంటే మోతాదు పెంచడమో, మందు మార్చడమో, మాటల చికిత్స చేర్చడమో సూచించాలి; తుది నిర్ణయం, ప్రిస్క్రిప్షన్ మాత్రం డాక్టరువే. అమెరికాలో 60 ఏళ్లు దాటిన 1,801 మందిపై జరిగి 2002లో వెలువడిన ఇంపాక్ట్ అధ్యయనంలో, ఏడాది గడిచేసరికి లక్షణాలు కనీసం సగం తగ్గినవారు ఈ పద్ధతిలో 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం.

స్కోరు 5 కంటే తగ్గాక కూడా మందును కనీసం ఆరు నెలలు కొనసాగించి, తిరగబెడితే ముందుగా కనిపించే గుర్తులేమిటో రోగితోనే రాయించి, ఫోన్ల మధ్య వ్యవధిని నెలకు పెంచవచ్చు.