చెరువు నీళ్లు, డ్రెయిన్లు, చెత్త గురించి ఆర్టీఐ వేస్తే జవాబు రావట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

శ్రీకాకుళంలో చుట్టుపక్కలవాళ్లకు సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. ఆఫీసులు మారినా, అడ్డంకులు మాత్రం ఆ నాలుగైదే. మీ చేతికొచ్చిన జవాబు కింద ఏ శీర్షికకు సరిపోతుందో చూసుకుని అక్కణ్ణుంచి చదవండి.

"మీరు ప్రశ్నలు అడిగారు, సమాచారం అడగలేదు" అని తిప్పి పంపారు

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. మా ఎరికలో ఒక పెద్దాయన ఇలా రాశారు: "మా చెరువులోకి మురుగు ఎందుకు వదుల్తున్నారు? దీనికి బాధ్యులెవరు? ఎప్పుడు ఆపుతారు?" మూడూ న్యాయమైన ప్రశ్నలే. ముప్పై రోజులు ఎదురుచూస్తే వచ్చింది ఒక్క లైను జవాబు.

2005 నాటి చట్టం మనకిచ్చిన హక్కు ఆఫీసులో ఉన్న రికార్డు మీద. అధికారి చేత కారణాలు చెప్పించుకోవడానికి అది పనికిరాదు. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది: ఉన్న రికార్డు ఇవ్వాలి, లేనిది కొత్తగా తయారుచేసి ఇవ్వక్కర్లేదు.

కాబట్టి "ఎందుకు"ను కొట్టేసి, ఆ జవాబు ఏ కాగితంలో ఉంటుందో ఆ కాగితం పేరు రాయండి. పెద్దాయన దరఖాస్తును మేం ఇలా తిరగరాశాం: ఫలానా తేదీ నుంచి ఈరోజు వరకు ఆ చెరువు నీటికి చేయించిన పరీక్షల రిపోర్టుల నకళ్లు; అందులో కలిసే డ్రెయిన్ పనికి సంబంధించిన తీర్మానం, ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు; మురుగు మీద వచ్చిన ఫిర్యాదుల ఫైలు, నోట్ షీట్లతో (ఫైలు మీద అధికారులు రాసుకున్న అభిప్రాయాలతో) సహా. చెరువు పేరు, సర్వే నంబరు, తేదీలు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే "స్పష్టత లేదు" అనడానికి మనమే సందు ఇచ్చినట్టు.

పరీక్షలే చేయించలేదనుకోండి, "రికార్డు లేదు" అని సంతకం పెట్టి ఇస్తారు. చాలామంది నిరాశపడి దాన్ని పక్కన పడేస్తారు. పడేయకండి. నీళ్లు పరీక్ష చేయించలేదని ఆఫీసే రాసిచ్చిన కాగితమది. గ్రామసభలో నిలబడి చదవడానికి అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

కాగితం తీసుకోరు, తీసుకున్నా రసీదు ఇవ్వరు

చాలాసార్లు మనం ఇచ్చే చోటే తప్పు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన కాగితం ఫిర్యాదుగా నమోదై, ఆ దారిన పోతుంది. పైన "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు" అని రాసి, పౌర సమాచార అధికారి పేరిటే ఇవ్వాలి. ఆ అధికారి ఎవరో, పై అప్పీలు అధికారి ఎవరో ఆఫీసు బోర్డు మీద ఉండాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడైనా ఉచితమే, ఆధారం జతచేస్తే చాలు. అయినా తీసుకోకపోతే గొడవపడకుండా స్పీడ్ పోస్టులో పంపండి.

"ఏటికి నీకివన్నీ?" అని అడుగుతారు. కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉంది. మర్యాదగా ఆ సెక్షన్ చెప్పి ఊరుకోండి.

"అది మా పరిధి కాదు, కాలుష్య నియంత్రణ మండలిని అడగండి"

సగం నిజం కాబట్టే ఈ జవాబు మనల్ని తికమక పెడుతుంది. పట్నం డ్రెయిన్లు నాగావళిలో ఎక్కడెక్కడ కలుస్తున్నాయో, చెత్త ఎక్కడ పోస్తున్నారో చెప్పే రికార్డు మున్సిపల్ కార్పొరేషన్‌ది. ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద అనుమతి ఇచ్చారన్నది మండలిది. ఊరి కుళాయి నీళ్ల పరీక్షలకు పంచాయతీతో పాటు గ్రామీణ నీటి సరఫరా విభాగాన్నీ అడగాలి. అన్నీ కలిపి ఒకే దరఖాస్తులో రాస్తే అది టేబుళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసుకొక దరఖాస్తు రాయండి.

నిజంగా వాళ్లది కాకపోయినా తిప్పి పంపే హక్కు లేదు. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకు వాళ్లే బదిలీ చేసి, మనకు తెలియజేయాలి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి పొందిన కంపెనీ ఆ కాపీని స్థానిక పంచాయతీకి, మున్సిపాలిటీకి కూడా ఇవ్వాలి. వాళ్లు దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. కనుక పైడిభీమవరం లాంటి మందుల పరిశ్రమల ప్రాంతాల పక్క ఊళ్లవాళ్లు ఆ కాపీని, అది అందిన తేదీని పంచాయతీనే అడగొచ్చు.

"కంపెనీ రహస్యం, ఇవ్వలేం"

వ్యాపార రహస్యానికి సెక్షన్ 8(1)(డి) రక్షణ ఉన్నమాట నిజమే. అయితే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. మందు తయారీ విధానం అడగకండి, బయటికి వదిలే నీళ్ల గురించి అడగండి. అనుమతి షరతుల రిజిస్టరులో వ్యర్థ జలాలకు సంబంధించిన భాగాన్ని ప్రభావితులైనవాళ్లు చూసుకోవచ్చని 1974 నీటి కాలుష్య చట్టం, సెక్షన్ 25(6)లో ఉంది. దరఖాస్తులో ఈ సెక్షన్ రాయండి.

"వేల పేజీలున్నాయి, డబ్బు కట్టండి"

పేజీకి 2 రూపాయలే అయినా ఫైలంతా అడిగితే మోయలేం. ముందు ఫైలు చూస్తామని అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. కావలసిన పేజీల నంబర్లు రాసుకుని వాటికే డబ్బు కట్టండి.

30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు

చట్టం దృష్టిలో ఇది తిరస్కరణే. ఇంకో దరఖాస్తు వేసి మళ్లీ మొదటికి వెళ్లకండి. గడువు ముగిసిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. ఫీజు లేదు. దరఖాస్తు నకలు, రసీదు జతచేసి, "గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇప్పించండి" అని రాయండి. అప్పీలు అధికారి 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయాలి.

ఈ లెక్కలన్నీ తేదీల మీదే నడుస్తాయి. జవాబు వచ్చిన కవరు చింపి పారేయకండి, దాని మీది పోస్టు ముద్రే మీ అప్పీలు గడువుకు సాక్ష్యం.